ఊలు కొనే ముందు లెక్క రాసుకుందాం

(ముత్యంపేటలో జరిగిన పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఈ రోజు మనకు పండుగ అయింది. పింఛను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. హక్కుగా వచ్చిన ఆ డబ్బును ఇంట్లో ఎట్లా ఖర్చు పెట్టుకోవాలన్నది మాత్రం ఏ కోర్టూ చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

నేను జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో క్రాఫ్టు టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. కుట్లు, అల్లికలు, నూలు వడకడం పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. కార్యదర్శి గారు "అల్లికల మీద నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. ఎట్లా అల్లాలో ఈ సభలో చెప్పవలసిన పని లేదు. ఇక్కడున్న ఆడవాళ్ళలో సగం మందికి నాకంటే బాగా వచ్చు. చేతి నైపుణ్యంలో మనకు లోటు లేదు. లోటంతా కొనుగోలులో ఉంది. కాబట్టి ఊలు, దారం ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి, కొన్నదాన్ని ఎట్లా లెక్కలో పెట్టాలి అన్న సంగతి మాత్రమే మనవి చేస్తాను. మగవాళ్ళు "ఇది మాకెందుకు" అనుకోవద్దు. స్టాకు రిజిస్టరు మీకు తెలిసినంతగా మాకు తెలియదు. నేను చెప్పేదంతా చివరకు ఆ రిజిస్టరు దగ్గరికే వస్తుంది.

పెట్టెలో మిగిలిన పనులు

నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయురాలు కొన్నేళ్ళ కిందట కాలం చేశారు. పేరు చెప్పను. ఆమె చేతి పని చూసి జగిత్యాల దుకాణాల వాళ్ళు కూడా "ఇది మిషను మీద అల్లిందా" అని అడిగేవారు. దినకర్మలు అయినాక ఆమె బిడ్డ నన్ను పిలిచి ఇనుప పెట్టె తెరిచి చూపింది. అందులో పదకొండు పనులు సగంలో ఉన్నాయి. ఒక స్వెట్టరుకు చేతులు లేవు. ఒక శాలువకు అంచు లేదు. టేబులు గుడ్డ ఒకటి ముప్పావు వంతు వరకు వచ్చి ఆగింది. దేనికీ ఓపిక చాలక ఆగలేదు. ప్రతిదానికీ ఒకటో రెండో ఉండల ఊలు తక్కువపడింది. ఆ ఉండల మీది కాగితం చీటీలు ఎప్పుడో పారేశారు. ఏ కంపెనీదో, ఏ నంబరుదో ఎవరికీ తెలియదు. ఆ బిడ్డ ఆ ముక్కలు పట్టుకొని కరీంనగరు దాకా వెళ్ళి వచ్చింది. దగ్గరి రంగు దొరికింది కాని ఆ రంగు దొరకలేదు. అదే పెట్టె అడుగున ఇంకా విప్పని ఊలు నాలుగు కిలోల పైన ఉంది. ఏ పనికని కొన్నారో ఆమెకే తెలియాలి.

ఒకే పెట్టెలో ఒకవైపు కొరత, మరొకవైపు వృథా నిల్వ. ఈ రెండూ లెక్క లేకపోవడం వల్ల వచ్చినవే. ఆమె ఎంతో ప్రేమతో అల్లినవి మనుమల ఒంటి మీదికి చేరలేదు. నెల నెలా పింఛనులో నుంచి తీసిన డబ్బు పెట్టెలోనే ఉండిపోయింది. మన ఇళ్ళలో ఇట్లాంటి పెట్టెలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

బరువు ఒక్కటి చాలదు, పొడవు కావాలి

మనం ఊలు కొనేటప్పుడు "స్వెట్టరుకు ఎంత పడుతుంది" అంటే దుకాణదారు "పావు కిలో తీసుకోండి" అంటాడు. అది బరువు లెక్క. అల్లే చేతికి కావలసింది పొడవు. పావు కిలోలో ఎన్ని మీటర్లున్నాయన్నది దారం లావును బట్టి, దేనితో చేశారన్న దాన్ని బట్టి మారిపోతుంది.

ఈ సంగతి మన సిరిసిల్ల వాళ్ళకు పుట్టుకతో తెలుసు. సిరిసిల్ల నేత కళాకారుడు నల్ల పరంధాములు గారు అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారని మనమందరం గొప్పగా చెప్పుకుంటాం. నూలు ఎంత సన్నమైతే అంత తక్కువ బరువులో అంత ఎక్కువ పొడవు వస్తుంది. ఆ చీర రహస్యంలో సగం ఇక్కడే ఉంది. మిగతా సగం ఆయన చేతిలో ఉంది.

నూలు నంబరు అంటారు కదా, దాని అర్థం కూడా ఇదే. నూలు లడి ఒకటి 840 గజాలు. ఒక పౌను బరువుకు అట్లాంటి లడులు ఎన్ని తూగితే అది ఆ నూలు నంబరు. 40 లడులు తూగితే 40 నంబరు, 80 తూగితే 80 నంబరు. అందుకే నూలులో నంబరు పెరిగితే దారం సన్నబడుతుంది. 40 నంబరు ఒంటి పోగు నూలు గ్రాముకు దాదాపు 68 మీటర్లు వస్తుంది. పాలిస్టరు దారానికి లెక్క తిరగబడుతుంది. 9,000 మీటర్లు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అక్కడ అంకె పెరిగితే దారం లావవుతుంది.

సాంచా మీదికి భీము ఎక్కించే ముందు లెక్క చూడండి. పడుగులో 3,000 పోగులు, ఒక్కొక్కటి 100 మీటర్లు అనుకుందాం. మొత్తం 3 లక్షల మీటర్లు. దాన్ని 68తో భాగిస్తే 4,400 గ్రాముల పైచిలుకు. అంటే పడుగు ఒక్కదానికే దాదాపు నాలుగున్నర కిలోల నూలు కావాలి. తరుగు వేరు, పేక వేరు. వార్పిన్ పని చేసే కార్మికుడు, వైపని చేసే తల్లి ఈ లెక్క కాగితం లేకుండానే చెప్పగలరు. మనకు చదువుంది, కాగితముంది, తీరికుంది. స్వెట్టరుకు ఆ మాత్రం లెక్క వేయలేమా?

ఊలు ఉండకు చుట్టిన చీటీ మీద సాధారణంగా బరువు, మీటర్లు రెండూ ఉంటాయి. పుస్తకంలోని నమూనాకు 50 గ్రాముల ఉండలు 8 కావాలని, ఉండకు 110 మీటర్లని రాసి ఉందనుకోండి. మొత్తం 880 మీటర్లు. మీకు దొరికిన ఆక్రిలిక్ ఊలు 25 గ్రాముల ఉండకు 65 మీటర్లు వస్తుందనుకోండి. 880ని 65తో భాగిస్తే పదమూడున్నర, అంటే 14 ఉండలు చాలు. బరువు చూసి కొంటే 16 కొనేవాళ్ళు. అదే నమూనాను ఎండాకాలానికి నూలు దారంతో అల్లాలనుకున్నారు, ఆ దారం 50 గ్రాములకు 85 మీటర్లే వస్తుంది. అప్పుడు 11 ఉండలు కావాలి. బరువు చూసి 8 కొన్నవాళ్ళకు మూడు తక్కువపడతాయి. ఒకే లావు దారాల్లో ఆక్రిలిక్ తేలిక, గొర్రె ఉన్ని దానికంటే కొంచెం బరువు, నూలు అన్నింటికంటే బరువు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం నష్టం తప్పుతుంది. పుస్తకంలో చెప్పిన లావు దారమే తీసుకోవాలన్నది మాత్రం మరవద్దు. లావు మారితే కొలతే మారిపోతుంది.

అంగట్లో తూకం మీద అమ్మే ఊలుకు చీటీ ఉండదు. దానికీ ఉపాయముంది. వీపు చుట్టుకొలత సరిగ్గా ఒక మీటరు వచ్చే కుర్చీ ఒకటి చూసుకోండి. దాని చుట్టూ లాగకుండా 20 చుట్లు చుట్టి, ఆ 20 మీటర్లు తెంపి తూకం వేయండి. 8 గ్రాములు వచ్చిందనుకుంటే గ్రాముకు రెండున్నర మీటర్లు. 200 గ్రాములకు 500 మీటర్లు. వంటింటి డిజిటల్ కాటా దీనికి సరిపోతుంది.

నమూనా ముక్కే మన అంచనా

పుస్తకం లేకుండా సొంత కొలతకు అల్లేవాళ్ళే మనలో ఎక్కువ. వాళ్ళు ముందుగా ఒకే ఒక ఉండ కొని, 15 సెంటీమీటర్ల చదరం ముక్క అల్లాలి. దాన్ని ఉతికి, నీడన ఆరబెట్టి, మళ్ళీ కొలవాలి. నూలైతే కుదించుకుపోతుంది. తరువాత తూచాలి.

పదేళ్ళ లోపు పిల్లవాడి స్వెట్టరు చూద్దాం. ముందు భాగం, వెనుక భాగం ఒక్కొక్కటి 35 సెంటీమీటర్ల వెడల్పు, 40 పొడవు. రెండూ కలిపి 2,800 చదరపు సెంటీమీటర్లు. చేతులు ఒక్కొక్కటి సగటున 24 వెడల్పు, 30 పొడవు. రెండూ కలిపి 1,440. మొత్తం 4,240. మన నమూనా ముక్క 225 చదరపు సెంటీమీటర్లు, అది 9 గ్రాములు తూగింది. అంటే 100 చదరపు సెంటీమీటర్లకు 4 గ్రాములు. ఆ లెక్కన స్వెట్టరుకు 170 గ్రాములు. కిందిపట్టీ, మెడపట్టీ, కుట్టి కలపడం, తరుగు వీటికి పదో వంతు కలిపితే 187. ఉండ 25 గ్రాములదైతే 8 ఉండలు. ఇంతే. ఇది మీరు ఆఫీసులో వేసిన ఎస్టిమేటు కంటే తేలిక.

నాలుగు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, నమూనా ముక్కను అసలు డిజైనులోనే అల్లాలి. జడలు, తేనెపట్టు వంటి డిజైన్లు సాదా అల్లిక కంటే ఎక్కువ ఊలు తాగుతాయి. రెండు, అదే దారంతో అదే కొలత గుడ్డను క్రోషా సూదితో అల్లితే రెండు సూదుల అల్లిక కంటే సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఎక్కువ పడుతుంది. మూడు, పని చివరికి వచ్చి దారం సరిపోతుందో లేదో అని అనుమానం వస్తే, వరుస మొదట ఉండను తూచి, వరుస అయినాక మళ్ళీ తూచండి. తేడాను బట్టి ఇంకా ఎన్ని వరుసలు వస్తాయో తెలిసిపోతుంది. కాటా లేకపోతే సాదా అల్లికకు వరుస వెడల్పుకు నాలుగు రెట్ల దారం చేతిలో ఉందో లేదో చూసుకోండి. నాలుగోది, పని పూర్తయ్యేవరకు ఆ నమూనా ముక్కను విప్పవద్దు. చీటీతో కలిపి దాచండి.

లాట్ నంబరు

చీటీ మీద రంగు నంబరు పక్కనే లాట్ నంబరు అని ఇంకొకటి ఉంటుంది. ఒకసారి రంగు తొట్టిలో ముంచిన ఊలంతా ఒక లాటు. మరుసటిసారి అదే రంగును అదే కొలతల్లో కలిపినా కొంచెం తేడా వస్తుంది. ఉండల్లో పక్కపక్కన పెడితే కనిపించదు. అల్లినాక ఎండలో చూస్తే ఛాతీ మీద గీత గీసినట్లు కనిపిస్తుంది. కాబట్టి ఒక పనికి కావలసినదంతా ఒకే లాటులో, ఒకేసారి కొనాలి. విప్పని ఉండలు వాపసు తీసుకుంటారా అని దుకాణంలో ముందే అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. తప్పనిసరై వేరే లాటు కలపవలసి వస్తే రెండు వరుసలు పాతది, రెండు వరుసలు కొత్తది మార్చి మార్చి అల్లండి. లేదా కొత్త లాటును కిందిపట్టీకి, మెడపట్టీకి మాత్రమే వాడండి.

గొంగడి నేసే మన కురుమ సోదరులకు రంగు తొట్టి గొడవ లేదు, నల్ల గొర్రె ఉన్ని నల్లగానే ఉంటుంది. కాని వాళ్ళకూ ఒక లాటు ఉంది. దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఆ కత్తిరింపులో వచ్చిన ఉన్నిని బట్టే వడుకు, వడుకును బట్టే పడుగు. తక్కువపడితే మళ్ళీ కత్తిరింపు దాకా ఆగవలసిందే. అందుకని వాళ్ళు ఉన్నిని ముందు చూసుకొని, తరువాతే గొంగడి కొలత నిర్ణయిస్తారు. ఆ వరుస మనకూ మంచిదే. ఇంట్లో ఉన్నది ఎంత అని చూసి, దానికి తగిన పని ఎంచుకుంటే కొత్తగా కొనే అవసరమే చాలాసార్లు రాదు.

ఎప్పుడు కొనాలి

చలి మొదలైనాక ఊలు కొనడం మన అలవాటు. కార్తీకంలో కొని మార్గశిరంలో మొదలుపెడితే సంక్రాంతి దాటినాక స్వెట్టరు పూర్తవుతుంది. అప్పటికి చలి పోతుంది, వచ్చే ఏటికి పిల్లవాడు పెరిగిపోతాడు. గిరాకీ ఉన్న నెలల్లో దుకాణంలో రంగులు తరిగిపోతాయి, అడిగిన లాటులో పది ఉండలు దొరకవు. శ్రావణంలో కొనండి. దీపావళికి చేతికి వస్తుంది.

అల్లడానికి పట్టే కాలం కూడా లెక్కలో ఉండాలి. నమూనా ముక్క అల్లేటప్పుడే గడియారం చూసుకోండి. ఆ ముక్కకు గంటంబావు పడితే, దానికి దాదాపు 19 రెట్లున్న స్వెట్టరుకు 24 గంటలు పడుతుంది. రోజుకు గంట చొప్పున 24 రోజులు. ఈ వయసులో గంటకంటే ఎక్కువ కూర్చోవద్దని నా సలహా. వేళ్ళు పట్టేస్తాయి, మెడ నొస్తుంది. కంటి ఆపరేషను అయినవాళ్ళు నల్లది, ముదురు నీలం కొనకండి. రాత్రి దీపం కింద ముదురు రంగులో జారిన కుట్టు దొరకదు. ఇది కూడా కొనుగోలు లెక్కలోని మాటే. అల్లలేని రంగును చవకగా కొన్నా అది నష్టమే.

పని చెప్పి అల్లించుకునేవారి సంగతి

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. మన కోడళ్ళలో, బిడ్డల్లో చాలామంది క్రోషా టేబులు గుడ్డలు, తోరణాలు, చంటిపిల్లల టోపీలు ఆర్డరు మీద చేసి ఇస్తున్నారు. సంతోషమే. కాని ధర ఎట్లా చెబుతున్నారో అడిగితే "దారానికి ఇంతయింది, పైన ఏదో కొంచెం వేసి చెప్పినాను" అంటారు.

ఒక గుడ్డ లెక్క చూద్దాం. 10 సెంటీమీటర్ల పువ్వులు, నిలువుకు 12, అడ్డానికి 8, మొత్తం 96 పువ్వులు. 20 గ్రాముల దారం ఉండ ఒకదానితో 6 పువ్వులు వస్తాయనుకుంటే 16 ఉండలు, అంచుకూ కలపడానికీ 2, మొత్తం 18. ధర లెక్క కోసం ఉండ 30 రూపాయలనుకుందాం, 540 రూపాయలు. పువ్వుకు 25 నిమిషాలు పడితే 96 పువ్వులకు 40 గంటలు. గుడ్డను 1,000 రూపాయలకు ఇచ్చారు. దారం పోను 460 మిగిలింది. 40 గంటలతో భాగించండి. గంటకు 11 రూపాయల 50 పైసలు. అంచు అల్లిన సమయం ఇందులో లేదు. "కూర్చొనే కదా చేసింది" అని ఇంట్లోవాళ్ళు అంటారు. కూర్చొని చేసే పనికే మనమందరం జీతాలు తీసుకున్నాం, ఇప్పుడు పింఛనూ తీసుకుంటున్నాం.

ఇది మన జిల్లా ఒక్కదాని మాట కాదు. క్రోషా లేసుకు తెలుగునాట పెట్టింది పేరు పశ్చిమ గోదావరి నరసాపురం. క్రైస్తవ మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడ నేర్పిన పని అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ లేసు దేశదేశాలకు పోతుంది. జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి ఆడవాళ్ళ పరిస్థితిని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. దారం ఏజెంట్లు తెచ్చి ఇస్తారు, అల్లినది వాళ్ళే తీసుకుపోతారు, కూలి ముక్కకు ఇంత అని కడతారు. ఇంటి పట్టున ఉన్న ఆడవాళ్ళు తీరిక వేళల్లో చేసుకునే పని అని అందరూ అనుకోవడం వల్లనే ఆ కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించారు. దారం లెక్క, కాలం లెక్క రెండూ వర్తకుడి పుస్తకంలో ఉన్నాయి. అల్లినవారి దగ్గర ఏ పుస్తకమూ లేదు.

సిరిసిల్లలోనూ నూలు ఎవరి చేతిలో ఉందన్నదే పెద్ద ప్రశ్న. నూలు బయటి రాష్ట్రాల నుంచి రావాలి. పెట్టుబడి ఉన్నవారు నూలు తెస్తారు, ఆసాములు సాంచాలు నడిపిస్తారు, కార్మికుడికి మీటరుకు ఇంత అని కూలి. నూలు ధర పెరిగినా, ఆలస్యమైనా దెబ్బ చివరన ఉన్నవాడికే తగులుతుంది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు సమయం చాలక కొంత భాగం సూరత్ నుంచి తెప్పించవలసి వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో ముందుగా ఆర్డరు ఇవ్వడంతో సిరిసిల్ల సాంచాలకు నెలల తరబడి పని దొరికింది. 2023 తరువాత ఆ చీరల పథకం ఆగిపోయింది. చిన్న ఆసాములకు నూలు దగ్గరలోనే దొరకాలని వేములవాడలో నూలు డిపో కోసం 2024లో రాష్ట్ర ప్రభుత్వం 50 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ముడిసరుకు వేళకు అందడం ఎంత పెద్ద సంగతో దీన్ని బట్టి తెలుస్తుంది. కోట్ల లెక్కలో వాళ్ళకు ఉన్న అవసరమే ఉండల లెక్కలో మన ఇంటి ఆడపిల్లకూ ఉంది.

కాబట్టి ఆర్డరు తీసుకునే మన పిల్లలకు మూడు మాటలు చెప్పండి. ఒక పువ్వు అల్లి చూడకుండా ధర చెప్పవద్దు. దారం సొమ్ము మొత్తం బయానాగా తీసుకోకుండా పని మొదలుపెట్టవద్దు. దారం ఆర్డరిచ్చినవాళ్ళే ఇస్తే తూచి తీసుకోవాలి, తూచి అప్పగించాలి, మిగిలిన ముక్కలతో సహా చీటీ మీద రాయించుకోవాలి. ఇందులో మొహమాటమేమీ లేదు. మన ట్రెజరీలో చిల్లర నాణెం కూడా లెక్క చూడకుండా ఎవరూ తీసుకోలేదు.

ఇక రిజిస్టరు

అన్నలను మరిచిపోలేదు. సర్వీసంతా ప్రారంభ నిల్వ, రాబడి, ఖర్చు, ముగింపు నిల్వ అని గళ్ళు గీసినవారు మీరు. ఈ ఆదివారం ఇంట్లో ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు తీసుకొని అవే గళ్ళు గీయండి. వదినె గారి ఊలు పెట్టె మంచం మీద బోర్లించమనండి. రంగు వారీగా, లావు వారీగా వేరు చేయండి. ఒక్కొక్కదాన్ని తూచి రాయండి. చీటీ ఉంటే చీటీని ఆ పేజీకే అతికించండి. చీటీ లేకపోతే దారం జానెడు ముక్క తెంపి టేపుతో అంటించండి. సగంలో ఆగిన ప్రతి పనికీ ఒక పేజీ ఇవ్వండి. అది ఎవరికోసం, ఏ సూది నంబరు, ఇంకా ఎన్ని గ్రాములు కావాలి, ఎక్కడ ఆగింది, అన్నీ అందులో ఉండాలి.

ఆ తరువాత ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. రిజిస్టరులో పని పేరు, కొలత, అంచనా రాయకుండా కొత్త ఊలు కొనకూడదు. ఏడాదికి ఊలుకు ఇంత అని పింఛనులో నుంచి ఒక మొత్తం ముందే అనుకోండి. పాత పనులు రెండు పూర్తయితే కొత్తది ఒకటి మంజూరు. ఈ మంజూరు అధికారం మాత్రం మగవాళ్ళకు ఇవ్వడం లేదు, మీరు రిజిస్టరు గుమాస్తాలు మాత్రమే. సంతకం వదినెదే.

నిజమైన ఉన్నికి పురుగు పడుతుంది, ఆక్రిలిక్‌కు ఆ భయం లేదు. రెండింటినీ వేరు వేరు సంచుల్లో పెట్టండి. ఉన్నిని ఏడాదికి రెండుసార్లు తీసి దులిపి, ఎండిన వేపాకు మార్చండి. సగంలో ఉన్న పనిని సూదులతోనే నెలల తరబడి ఉంచవద్దు. కుట్లను వేరే రంగు దారం మీదికి ఎక్కించి దాచితే గుడ్డ సాగదు, ఇంకొకరు అందుకోవడానికీ వీలవుతుంది.

ఇంకొకరు అందుకోవడం అన్న మాట కావాలనే అన్నాను. మన వయసు మనకు తెలుసు. బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాసినవాళ్ళం, కుటుంబ పింఛను కాగితాలు సరిచూసుకున్నవాళ్ళం. చేతిలోని అల్లికకు కూడా ఒక నామినీ ఉంటే తప్పేమిటి? పేజీ చివర "నేను పూర్తి చేయలేకపోతే ఫలానా మనుమరాలు పూర్తి చేయాలి" అని రాయండి. ఊలు సరిపడా ఉండి, చీటీ ఉండి, ఎక్కడ ఆగిందో రాసి ఉంటే ఆ పిల్ల తప్పకుండా పూర్తి చేస్తుంది.

మన సంఘం తరఫున ఒక మనవి చేస్తున్నాను. ప్రతి ఇంట్లో ఒకటో రెండో ఉండలు విడిగా మిగిలి ఉంటాయి. వాటిని వచ్చే సమావేశానికి తీసుకురండి, చీటీలతో సహా. ఒకరికి మిగిలింది మరొకరికి తక్కువపడింది కావచ్చు. దేనికీ జత కుదరనివాటితో మన దగ్గరి ఆసుపత్రుల్లో పుట్టే పసిపిల్లలకు టోపీలు అల్లుదాం. చిన్న టోపీకి ఒక ఉండ సరిపోతుంది, లాటు కలవకపోయినా పసిబిడ్డ అడగదు.

కొండగట్టు అంజన్న దయవల్ల మన చేతులు ఆడినన్నాళ్ళు అల్లుదాం. మొదలుపెట్టినవి పూర్తి చేద్దాం.